‘బ్లూ మూన్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

నేను ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ‘చాలా అరుదుగా’ అని గైడులో ఒక్క ముక్క రాసి ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, అరుదు అనిపించిన ప్రతిచోటా అతికిస్తారు. గోదావరి పుష్కరాలు ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ వస్తాయని ఒకమ్మాయి రాసింది. వ్యాకరణం చక్కగానే ఉంది. అయినా ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తాయి. ఎప్పుడొస్తాయో ముందే తెలిసిన వాటికి ఈ జాతీయం పనికిరాదు. లెక్క తెలిసినప్పుడు లెక్కే చెప్పాలి.

మరి ఎక్కడ వాడాలి? మనం ‘అమావాస్యకో పున్నానికో’ అనే చోట. ‘మా వాడు అమావాస్యకో పున్నానికో ఒక ఫోను చేస్తాడు’ అని ఒక తల్లి అంటే, ఆవిడ పక్షానికోసారి అని లెక్క చెప్పడం లేదు కదా! కాస్త నిష్ఠూరమాడుతోంది. ‘హీ కాల్స్ మీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అన్నా అదే నిష్ఠూరం. ‘నల్లపూసైపోయావు’ అన్న మాట దీనికి దగ్గరగా కనిపిస్తుంది గానీ, అది కనిపించని మనిషికే చెల్లుతుంది. బ్లూ మూన్ పనులకూ చెల్లుతుంది: సినిమా చూడటం, వంట చేయడం, ఊరెళ్లడం, ఏదైనా సరే.

ఇక మన పిల్లలు ఎక్కువగా జారిపడేది ఇక్కడ. తెలుగులో ‘ఎప్పుడో గానీ రాడు’ అంటాం. ఆ ‘రాడు’లో వ్యతిరేకార్థం ఉంది. దాన్ని యథాతథంగా మోసుకెళ్లి ‘హీ డజ్ నాట్ కమ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని రాసేస్తారు. ఇంగ్లీషులో ‘నాట్’ అక్కర్లేదు, ‘నెవర్’ అసలే వద్దు. అతను వస్తాడు, కాకపోతే ఎప్పుడో వస్తాడు. అలాగే ఇది అలవాటు గురించిన మాట. నిన్న ఒక్కసారి జరిగిన సంగతికి దీన్ని తగిలించకూడదు. మామూలుగా వాక్యం చివర పెడితే సరిపోతుంది. మధ్యలో ఉన్న ‘ఎ’ని మింగేయకండి. చంద్రుడు ఒక్కడే కాబట్టి బహువచనమూ వద్దు.

చంద్రుడు నిజంగా నీలంగా ఉంటాడా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఎప్పుడో ఒకసారి ఉంటాడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ధూళిలోంచి చూసినవారికి చంద్రుడు నీలంగా కనిపించాడు. ధూళి కణాలు సరిగ్గా ఒక పరిమాణంలో ఉంటే ఎరుపు కాంతి చెదిరిపోయి నీలం మిగులుతుంది.

ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అనడం మాత్రం కొత్త ముచ్చట. 1946లో అమెరికాలోని ఒక ఖగోళ పత్రికలో, పాత పంచాంగాన్ని తప్పుగా చదువుకొని రాసిన వ్యాసంతో అది మొదలైంది. అది పొరపాటని ఆ పత్రికే 1999లో ఒప్పుకుంది. అప్పటికే లోకమంతా అలవాటు పడింది. జాతీయం అంతకు చాలా ముందునుంచే ఉంది కాబట్టి దాన్ని వాడేటప్పుడు ఏ లెక్కా చూసుకోనక్కర్లేదు.

ఆ లెక్క మాత్రం మన పంచాంగం తెలిసినవారికి కొత్త కాదు. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిస్తే సుమారు 354 రోజులు. ఏడాదికి పదకొండు రోజులు వెనకబడతాం. ఆ తేడా పేరుకుని రెండున్నర, మూడేళ్లకు ఒక పున్నమి అదనంగా వస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని బ్లూ మూన్ అంటారు, మనం నెలకు నెలే చేర్చి అధిక మాసం అంటాం. 2023 ఆగస్టులో బ్లూ మూన్ వచ్చిన ఏడాదే మనకు అధిక శ్రావణం. 2026 మే 31 బ్లూ మూన్ అయితే సరిగ్గా అధిక జ్యేష్ఠంలోనే పడింది. అన్నిసార్లూ ఇంత చక్కగా కలవవు లెండి.

ఈ మాట కబుర్లకూ స్నేహితుల ఉత్తరాలకూ బాగుంటుంది. సెలవు చీటీలో ‘నేను వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ సెలవు పెడతాను’ అని రాస్తే చదివేవారికి వేళాకోళంగా ఉంటుంది. అక్కడ ‘రేర్లీ’ చాలు. ఆఫీసులో పై అధికారితో ‘మీరు మా గదికి వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ వస్తారు’ అనడమూ తెలివైన పని కాదు, నవ్వుతూ అన్నా అది ఎత్తిపొడుపే. ‘మీరు వంట చేస్తారా?’ అని ఎవరైనా అడిగితే మాత్రం ఈ అయిదు మాటలే జవాబుగా చెప్పి ఊరుకోవచ్చు, వాక్యం పూర్తి చేయనక్కర్లేదు.