పోస్టు మిగిలిపోయిందా? కోర్టుకు ముందు కాగితాలు

అమలాపురంలోనో భీమవరంలోనో మెరిట్ జాబితాలో మీ పైవాళ్లు చేరక పోస్టు మిగిలిందంటే, అప్పుడే లాయరు దగ్గరికి పరుగెత్తకండి. ముందు నోటిఫికేషన్ తీసి వెయిటింగ్ లిస్టు నిబంధన ఉందో లేదో, ఉంటే గడువెంతో చూడండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత నియామకం చేసిన జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. "ఎందుకు భర్తీ చేయలేదు?" అని అడిగితే పని జరగదు, ఆ చట్టం రికార్డులు ఇప్పిస్తుంది, సంజాయిషీ కాదు. ఇలా రాయండి (రోస్టర్ పాయింటంటే రిజర్వేషన్ వరుసలో పోస్టు స్థానం, నోట్ ఫైల్ అంటే ఆ విషయంపై అధికారులు రాసుకున్న ఫైలు): "ఫలానా నోటిఫికేషన్‌లో రోస్టర్ పాయింట్ల వారీగా ప్రకటించిన పోస్టులు, చేరినవారు, చేరనివారు, మిగిలిన ఖాళీలు, వాటిపై నోట్ ఫైల్ నకలు."

జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అయితే ఇష్టమొచ్చినట్టు ఖాళీ ఉంచడం కుదరదనీ, సరైన కారణం ఉండాలనీ అదే తీర్పు చెప్పింది. మీ కేసు ఈ రెండో మాట మీదే నిలబడాలి. మీకంటే తక్కువ ర్యాంకువారిని అదే కేటగిరీలో తీసుకున్నట్టు కాగితం దొరికితే, అంతకు మించిన ఆధారం లేదు.

రాష్ట్ర పోస్టయితే అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ పిటిషన్. తపాలా, రైల్వే పోస్టులకు హైదరాబాద్ క్యాట్ (కేంద్ర ఉద్యోగ వివాదాలు చూసే ట్రిబ్యునల్), మామూలుగా ఏడాదిలోపు. ఆ ఖాళీలను కొత్త నోటిఫికేషన్‌లో కలిపేశాక వెళితే, అవతలి లాయరు ఎత్తే మొదటి మాట మీ ఆలస్యమే.