ఆటవిడుపు గోల్ఫ్‌కు బంతిని పట్టి ఉంచే వల బుట్టను ఎలా తయారుచేయాలి?

గోల్ఫ్ మైదానంలో రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లే. బడి ఆవరణలోనో ఇంటి పక్క ఖాళీ స్థలంలోనో కొత్తగా ఆడేవారికి అంత చిన్న గురి విసుగు పుట్టిస్తుంది. దానికి బదులు నేలకు మీటరు ఎత్తున ఒక వల బుట్టను నిలిపి, బంతిని గాలిలోకి లేపి అందులో పడేలా కొట్టడం ఈ ఆట పద్ధతి. బంతి బుట్టకు తగలడం వేరు, అందులో నిలిచిపోవడం వేరు; తయారీలో శ్రమంతా ఆ రెండోదానికే.

మొదట బంతిని నిర్ణయించుకోవాలి. అసలు గోల్ఫ్ బంతి చాలా గట్టిది, అంచుకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేము. కనుక మనుషులు తిరిగే చోట ఫోమ్ బంతి గాని టెన్నిస్ బంతి గాని వాడాలి. వల కన్ను 2.5 సెంటీమీటర్లకు మించకుండా చూసుకుంటే ఏ బంతీ జారిపోదు.

తరువాత బుట్ట నోటికి కడియం. అరంగుళం నల్ల నీటి పైపు చుట్టగానే అమ్ముతారు కాబట్టి దానికి వంపు ముందే ఉంటుంది. దాదాపు 190 సెంటీమీటర్ల ముక్కను వలయంగా కలిపితే 60 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది. ఏసీ గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్‌ను దానిపై తొడగాలి. ఇసుక నింపిన రంగు డబ్బాల్లో రెండు వెదురు బొంగులను పాతి, కడియాన్ని ఇరుపక్కలా వాటికి కట్టాలి.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. కడియాన్ని నేలకు సమాంతరంగా ఉంచితే, 30 డిగ్రీల వాలులో దిగే బంతికి ఆ 60 సెంటీమీటర్ల నోరు ఎత్తులో 30 సెంటీమీటర్లే దొరుకుతుంది. ఆటగాడి వైపు 30 డిగ్రీలు వంచితే అదే నోరు సుమారు 52 సెంటీమీటర్లు అవుతుంది. అంతకన్నా బాగా వంచితే ముందు అంచు కిందికి దిగి, లోపల పడిన బంతులు బయటికి వచ్చేస్తాయి.

కడియానికి వలను సంచిలా కట్టాలి, కానీ బిగించి కట్టకూడదు. నోటికి 3 మీటర్ల పైనుంచి పడే బంతి సెకనుకు దాదాపు 8 మీటర్ల వేగంతో దిగుతుంది. బిగువైన వల దాన్ని రెండు సెంటీమీటర్లలో ఆపబోయి తిరిగి ఎగరేస్తుంది, వదులుగా 40 సెంటీమీటర్లు సాగే వలలో సగటు బలం అందులో ఇరవయ్యో వంతే. కాబట్టి సంచి 60 సెంటీమీటర్ల లోతుతో మడతలు పడేంత వదులుగా వేలాడాలి. వెనుక అంచుకు పైన ఒక అడ్డకర్ర కట్టి, పాత దుప్పటి ముక్కను తెరలా వేలాడదీయాలి; దాని కింది కొన సంచిలోకి దిగాలే తప్ప దేనికీ కట్టకూడదు. తగిలిన బంతితోపాటు తెర వెనక్కి ఊగుతూ వేగాన్ని మింగేస్తుంది. బంతికి బదులు పళ్లెం లాంటి డిస్కును బుట్టలోకి విసిరే ఆట డిస్క్ గోల్ఫ్; 1977లో ఎడ్ హెడ్రిక్ పేటెంటు పొందిన ఆ ఆట బుట్టలో వేలాడే గొలుసులదీ ఇదే పని, కానీ బంతి గొలుసుకు తగిలి పక్కకు చిమ్ముతుంది గనుక మనకు గుడ్డే నయం.

గోల్ఫ్ కర్రతో కొట్టేముందు బంతిని చేత్తో విసిరి చూడాలి. తెర నుంచి బంతి ముందుకు వచ్చి పడుతుంటే గుడ్డను రెండు మడతలు చేయాలి. సంచిలోంచి ఎగురుతుంటే వలను ఇంకా వదులు చేయాలి. కడియం అంచుకే తరచూ తగులుతుంటే వంపును కొద్దికొద్దిగా మార్చాలి. ఆ తరువాత 8 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, బుట్ట వెనుక ఎవరూ లేరని చూసుకుని కొట్టవచ్చు.