లాగ్ ఫైల్ తగ్గించబోయే ముందు జాగ్రత్తలు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేటా 6 జీబీ, డేటాలో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ 140 జీబీ. లారీ గేటు దగ్గర ఆగి ఉంది, బిల్లు కొడితే 9002 ఎర్రర్, అంటే లాగ్ నిండిపోయింది. అలాంటప్పుడు చేయి ఆగదు, అయినా ఆపండి.

• ఎంత టెన్షన్‌లో ఉన్నా ఎల్‌డీఎఫ్ ఫైల్‌ను (లాగ్ ఉండే ఫైల్) డిలీట్ చేయొద్దు. డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు.

• లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో ముందు చూడండి. డేటాబేస్‌ల వివరాలు చూపే సిస్ డేటాబేసెస్‌లో (sys.databases) log_reuse_wait_desc కాలమ్ కారణం చెబుతుంది. 'లాగ్ బ్యాకప్' అని ఉంటే, ఫుల్ రికవరీ మోడల్ (లాగ్ బ్యాకప్ తీసేదాకా లాగ్‌ను దాచి ఉంచే సెట్టింగ్) పెట్టి లాగ్ బ్యాకప్ వదిలేశారన్నమాట. రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తున్నాంగా అంటారు. దానివల్ల లాగ్ ఖాళీ కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. 'యాక్టివ్ ట్రాన్సాక్షన్' అని ఉంటే ఎవరో మొదలుపెట్టిన పని ఇంకా ముగియలేదు.

• లాగ్ బ్యాకప్‌ను వేరే డిస్కులోకి తీయండి. నిండిన డ్రైవ్‌లోకే తీయబోయి నేనొకసారి గంట పోగొట్టుకున్నాను.

• లాగ్ బ్యాకప్ అవసరంలేని సింపుల్ రికవరీ మోడల్‌కు మారిస్తే బ్యాకప్ గొలుసు, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే లాగ్ బ్యాకప్‌ల వరుస, తెగుతుంది. తప్పనిసరై మార్చారా, తిరిగి ఫుల్‌కు తెచ్చి వెంటనే ఫుల్ బ్యాకప్ తీయండి.

• ష్రింక్ (ఖాళీ అయిన లాగ్ ఫైల్ సైజు తగ్గించడం) ఒక్కసారే, లారీల లోడింగ్ ముగిశాక. రోజువారీ జాబ్‌గా పెట్టొద్దు. ఆటోగ్రోత్ (ఫైల్ నిండినప్పుడు దానంతటదే ఎంత పెరగాలన్న సెట్టింగ్) శాతంలో కాకుండా ఎంబీల్లో ఉంచండి.