బైక్ మాడిఫై చేసే ముందు: ఎక్కడి రూలు అక్కడే

సైలెన్సర్ కొనేటప్పుడు మోత కాదు, ముద్ర చూడండి. బ్రిటన్‌లో దాని మీద ‘రోడ్డు మీద వాడకూడదు’ అని ఉంటే ఎంఓటీ (బండి రోడ్డుకు పనికొస్తుందా అని చేసే తప్పనిసరి పరీక్ష) తనిఖీలో ఫెయిలే. జర్మనీలో ఆమోదపత్రం లేని పార్టు బిగిస్తే నిపుణుడి చేత పరీక్ష చేయించి, బండి పత్రాల్లో ఎక్కించాలి.

హ్యాండిల్ మార్చేముందు టేపుతో కొలవండి. జపాన్‌లో రిజిస్టర్ కొలతల నుంచి వెడల్పు 2, ఎత్తు 4 సెంటీమీటర్ల తేడా దాటితే మార్పు నమోదు తప్పదు. బిగించాక రెండువైపులా పూర్తిగా తిప్పండి: బ్రేక్ హోస్ లాగుకున్నా, యాక్సిలరేటర్ కేబుల్ బిగిసి ఇంజిన్ రేజ్ అయినా పొడవైనవి వేయాల్సిందే. ఎత్తు హ్యాండిళ్లతో వచ్చే అసలు తంటా ఇదే.

ఇండియాలో ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ అనుమతి. ‘తర్వాత చూద్దాం’ కుదరదు. అనుమతించని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

గడువులూ ఒకటి కావు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండాక ఏటా తనిఖీ, జర్మనీలో రెండేళ్లకోసారి. జపాన్‌లో 250 సీసీ దాటినవాటికే తనిఖీ: మొదట మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి.

విప్పిన ఒరిజినల్ పార్టులు, బోల్టులతో సహా, దాచండి. తనిఖీకి ముందు వాటితోనే పని.