ఉగ్గాని వాసన వచ్చినా 11 దాకా ఆగడం ఎలా?

మా కర్నూలులో పొద్దున్నే బండి మీద ఉగ్గాని, బజ్జీ వాసన మొదలవుతుంది, ఉపవాసానికి అసలు పరీక్ష అక్కడే. రాత్రి 7కల్లా జొన్నరొట్టె, పప్పుతో ముగించి, మర్నాడు 11 దాకా నీళ్లు తప్ప ఏమీ తీసుకోకపోతే 16 గంటలు అయిపోతాయి. మొదటి వారం 12 గంటలు చాలు. బౌద్ధ భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరు, మనది దానికి తలకిందులు అనుకోండి. ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న జిల్లా ఇది, బౌద్ధం మనకేం కొత్త కాదు.

ఆకలేస్తే ఫోన్ తీయొద్దు. కూర్చుని, ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం గమనించండి, దీన్నే ఆనాపానసతి అంటారు. ఆకలి కడుపులో ఉందా, నాలుక మీదా? నాకైతే చాలాసార్లు నాలుక మీదే ఉండేది. కాసేపటికి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది కూడా, రానివ్వండి. కళ్లు తిరిగితే మాత్రం పట్టుదలకు పోకుండా తినేయండి.

తొలి ముద్ద టీవీ ముందు వద్దు. రాగిసంగటిలో వేలితో గుంట చేసి, పులుసు పోసి, ఆ వేడి వేళ్లకు తెలిశాకే నోట్లో పెట్టుకోండి (సంగటి నమలరు లెండి, మింగుతారు). షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగందే మొదలుపెట్టకండి.