చిగురు కిందికి పౌడర్ పంపే ముందు

ఎయిర్ పాలిషింగ్ (గాలి, నీళ్లతో పౌడర్ చిమ్మి పళ్లు శుభ్రం చేయడం) మొదలుపెట్టే ముందు మిషన్ పౌడర్ చాంబర్‌లో ఏ పౌడర్ ఉందో లేబుల్ చూసి తేల్చుకోండి. తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కావు.

సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడా జాతి, రేణువు 40 మైక్రాన్లు దాటుతుంది. ఎనామెల్ మీది గుట్కా, టీ మరకలకు బాగా పనిచేస్తుంది. బయటపడిన వేరు మీద వాడితే సిమెంటమ్ (వేరు మీది పలుచని పొర) అరిగిపోతుంది, కాంపోజిట్ (పంటి రంగు) ఫిల్లింగ్ గరుకుబారుతుంది. చిగురు కిందికి దీన్ని అసలు పంపకూడదు. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పిన పేషెంట్లకు చిగురు పైన కూడా మానేయడమే మేలు.

పాకెట్‌లోకి (పంటికీ చిగురుకీ మధ్య ఏర్పడే సందులోకి) వెళ్లాల్సింది గ్లైసిన్ (సుమారు 25 మైక్రాన్లు) లేదా ఎరిత్రిటాల్ (సుమారు 14). రెండూ నీళ్లలో కరుగుతాయి, రెండూ పాచిని బాగా వదిలిస్తాయి. ఈ రెండింట్లో ఏది గొప్పదని వాదించుకునే కంటే, మీ మిషన్ కంపెనీ ఏది వాడమందో చూడటం మంచిది. ఒక్క మెలిక ఉంది: కొన్ని ఎరిత్రిటాల్ పౌడర్లలో క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు కలిసి ఉంటుంది. ఆ అలర్జీ ఉందేమో ముందే అడగాలి.

ఏ పౌడరైనా గట్టిపడ్డ గారను తీయదు. దానికి కంపనాలతో గారను వదిలించే అల్ట్రాసోనిక్ స్కేలరే దిక్కు.

అసలు భయం గాలితోనే. పాకెట్ లోతు ముందు ప్రోబ్‌తో (మి.మీ. గుర్తులున్న సన్నటి పరికరంతో) కొలవండి. మామూలు నాజిల్ 4 మి.మీ. లోపు పాకెట్లకే సరి. పంటికి 3–5 మి.మీ. దూరంలో ఉంచి కదుపుతూ ఉండాలి, మొన ఎప్పుడూ చిగురు వైపు తిరగకూడదు. 4 మి.మీ. కంటే లోతైన పాకెట్‌కు సన్నటి ప్రత్యేక నాజిల్ వాడి, ఒక్కో చోట 5 సెకన్లు మించనివ్వకండి. కొత్తగా పన్ను తీసిన చోటు, కుట్లు ఉన్న చోటు వదిలేయండి. గాలి కణజాలంలోకి చొరబడితే బుగ్గ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, వేలితో నొక్కితే చిటపటమంటుంది. వెంటనే ఆపేయండి. ముక్కు చీదవద్దని పేషెంటుకు చెప్పండి. వాపు మెడలోకి దిగినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పంపాలి.

ఆస్తమా, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) తీవ్రంగా ఉన్నవాళ్లకు ఈ పద్ధతే వద్దు. మిగతావాళ్లకు కాంటాక్ట్ లెన్సులు తీయించి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టి, పెదవులకు వ్యాజిలిన్ రాయండి. సక్షన్ గట్టిది, నోటి దగ్గరే ఉండాలి.

వానాకాలంలో పౌడర్ తేమ పీల్చి గడ్డకడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. సాయంత్రం చాంబర్ ఖాళీ చేసి ఆరబెట్టండి, కంప్రెసర్‌లో చేరిన నీళ్లు వదిలేయండి. మిగిలిన పౌడర్ మీద ఇంకో రకం పోయవద్దు.