అద్వైతం చదివాక కూడా పూజ మనస్ఫూర్తిగా చేసుకోవడం ఎలా

ఉపనిషత్తుల మీద నాలుగు ప్రవచనాలు విన్నాక, యూట్యూబ్‌లో ఇంకో పది విన్నాక, చాలామందికి ఏదో ఒక పొద్దున్న దేవుడి గూటి ముందు చెయ్యి ఆగిపోతుంది. ఉన్నది బ్రహ్మమొక్కటే, నేనూ అదే అని అద్వైతం అంటుంటే ఈ దీపం ఎవరు ఎవరికి పెడుతున్నట్టు? నాకూ ఆగింది. ఆరు నెలలు పూజ మానేశాను. ఆ తర్వాత అమ్మని ఆస్పత్రిలో చేర్చిన రాత్రి, వరండాలో బెంచీ మీద కూర్చుని టెన్షన్‌తో చేతులు నలుపుకుంటుంటే నా నోట్లోంచి వచ్చింది "అహం బ్రహ్మాస్మి" (నేనే బ్రహ్మం) కాదు, "స్వామీ" అన్న ఒక్క మాట. చదివినదంతా ఏమైపోయిందా అని సిగ్గేసింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది, మీకు అంత పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది స్మార్త పద్ధతిలో, అంటే శివుడు, విష్ణువు, అమ్మవారు అని తేడా లేకుండా, ఇంట్లో పూజ చేసుకుంటూ శంకరుల అద్వైతం వైపు మనసు పోతున్నవాళ్ళ కోసం. రామానుజుల దారిలోనో మధ్వుల దారిలోనో ఉన్నవాళ్ళకు జీవుడికీ దేవుడికీ ఉన్న భేదం నిజమైన భేదమే, అజ్ఞానం పోగానే చెరిగిపోయేది కాదు, దాని వెనక వాళ్ళ ఆచార్యులు చేసిన గట్టి విచారం ఉంది. ఇక్కడ చెప్పినవాటితో వాళ్ళ దగ్గరికి వాదనకు వెళ్ళకండి.

మొదట సరిచేసుకోవాల్సింది "నేను" అన్న మాటని. "నేనే బ్రహ్మం" అని ఉపనిషత్తు అన్నప్పుడు ఆ నేను మన ఆధార్ కార్డులో ఉన్న మనిషి కాదు, జీతం పెరగలేదని బాధపడేవాడు కాదు. ఈ తేడా పట్టుకోకపోతే పూజ పోతుంది, జ్ఞానం రాదు, అహంకారం ఒక్కటే మిగులుతుంది. శంకరుల పేరు మీద మనం చదువుకునే షట్పదీ స్తోత్రంలో దీనికి చక్కటి శ్లోకం ఉంది: "సత్యపి భేదాపగమే నాథ తవాహం న మామకీనస్త్వం, సాముద్రో హి తరంగః క్వచన సముద్రో న తారంగః." మన మధ్య భేదం తొలగిపోయినా స్వామీ, నేను నీవాణ్ణి, నువ్వు నావాడివి కావు, అల సముద్రానిది అవుతుంది కానీ సముద్రం ఎప్పుడూ అలది కాదు. భేదం లేదని ఒప్పుకున్న నోటితోనే "నాథా" అని పిలిచాడు చూడండి. ఈ ఒక్క శ్లోకం కంఠస్థం చేసి, రోజూ పీట మీద కూర్చోగానే ఒకసారి అనుకోండి. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

ఇక పూజకి వద్దాం. అద్వైతాన్ని బయటి నుంచి తెచ్చి పూజకి అతికించాల్సిన పని లేదు. మనం గబగబా చదివేస్తూ దాటిపోయే చోట్లలోనే అది ఉంది. ఆ చోట్ల దగ్గర కాస్త ఆగడం నేర్చుకుంటే సరిపోతుంది.

నిన్నటి పూలు తీసేటప్పుడు మొదటిసారి ఆగండి. "దేహో దేవాలయః ప్రోక్తో జీవో దేవః సనాతనః, త్యజేదజ్ఞాననిర్మాల్యం సోహంభావేన పూజయేత్" అన్న శ్లోకం చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. దేహమే గుడి, లోపలి జీవుడే దేవుడు, అజ్ఞానమనే నిర్మాల్యం తీసెయ్యి, "ఆయనే నేను" అన్న భావంతో పూజ చెయ్యి. అంటే "ఆయనే నేను" అని తెలిసినవాణ్ణి పూజ మానెయ్యమనలేదు, ఆ భావంతోనే పూజ చెయ్యమంది. వాడిన పూలు పళ్ళెంలోకి తీస్తున్నప్పుడు నిన్నటి కోపం ఒకటి, పంతం ఒకటి పేరు పెట్టి మరీ తీసెయ్యండి. అందరినీ క్షమించేశాను అని ఒక్కసారే అనుకోవడం కన్నా ఇది నాకు బాగా పనిచేసింది.

పసుపు గణపతి దగ్గర ఎక్కువసేపు ఆగమంటాను. ఐదు నిమిషాల క్రితం అది డబ్బాలో పసుపు. నీళ్ళు చుక్కవేసి ముద్ద చేసి తమలపాకు మీద పెట్టి బొట్టు పెట్టి ఆవాహన చేశాక అది గణపతి, కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. పూజయ్యాక ఉద్వాసన చెప్తే మళ్ళీ పసుపు, మా ఇంట్లో మంగళసూత్రాలకు అద్దుకునేవాళ్ళు. ఇదంతా ఊహే కదా అని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు, నేనూ అలాగే అన్నాను ఒకప్పుడు. కానీ అద్వైతం చెప్పేది అది కాదు. పేరు వచ్చింది, రూపం వచ్చింది, రెండూ పోయాయి, ఉన్నది మాత్రం మొదట్లోనూ మధ్యలోనూ చివర్లోనూ ఉంది. వచ్చిపోయేవాటిని నామరూపాలు అన్నారు, ఎప్పుడూ ఉండేదాన్ని సత్ అన్నారు. ఇదే పాఠం పుస్తకంలో చదివితే తలకెక్కడానికి నెలలు పడుతుంది, చేత్తో ముద్ద చేస్తూ చూస్తే చేతికే తెలుస్తుంది. పసుపు కలుపుతున్నప్పుడు మాట్లాడకండి, ఫోన్ పక్కన పెట్టండి, ఆ ముద్ద గణపతి అయ్యే క్షణాన్ని చూడండి, ఉద్వాసన అప్పుడు మళ్ళీ చూడండి.

నైవేద్యం చోటు నాకు అన్నిటికన్నా ఇష్టం. "ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా" అని దేవుడికి చూపిస్తాం. అవే ఐదు మంత్రాలు భోజనం ముందు పరిషేచనం చేసినవాళ్ళు, అంటే మంత్రంతో విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పినవాళ్ళు, తమ నోట్లో మెతుకులు వేసుకుంటూ చెప్తారు. దేవుడికి వేరే మంత్రం, మనకి వేరే మంత్రం పెట్టలేదు. పరిషేచనం అలవాటు లేకపోయినా ఫరవాలేదు, మొదటి ఐదు ముద్దలు ఆ ఐదు పేర్లతో మనసులో అనుకుని తినండి, అప్పుడు పొద్దున్న గూట్లో పెట్టిన బెల్లం ముక్కకీ మధ్యాహ్నం మీ కంచానికీ సంబంధం కలుస్తుంది, ఆఫీసు క్యాంటీన్‌లో అయినా సరే.

మంత్రపుష్పం గురించి ఎక్కువ చెప్పను. అంతసేపూ ఎదురుగా ఉన్న విగ్రహానికి ఉపచారాలు చేశాక, అందులో చేరి ఉన్న నారాయణ సూక్తం పరమాత్మ ఉన్న చోటు ఎక్కడని చెప్తుందో అర్థం చూసుకోండి: తలకిందులుగా ఉన్న తామరమొగ్గ లాంటి హృదయంలో, నివ్వరి ధాన్యపు మొనంత సన్నటి జ్వాల నడుమ. ఆ భాగం వచ్చినప్పుడు కళ్ళు మూసుకోండి, చాలు.

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెట్టకండి. ఒక్క చోటు తీసుకుని ఒక మండలం రోజులు, అంటే 40 రోజులు, అక్కడే ఆగండి. నేను అన్నీ ఒకేసారి పట్టుకుని పూజని పరీక్ష హాలు చేసుకున్నాను, ఎక్కడ ఏం గుర్తు తెచ్చుకోవాలా అన్న ఆరాటంలో దేవుడి ముఖమే చూడలేదు.

కొందరికి ఇంకో సందేహం వస్తుంది, రూపాన్ని పట్టుకుంటే జ్ఞానానికి అడ్డమేమో అని. పోతన తన భాగవతం మొదటి పద్యాన్ని "శ్రీ కైవల్య పదంబుఁ జేరుటకునై చింతించెదన్" అని ఎత్తుకున్నాడు. చేరాల్సింది కైవల్యం, అంటే మోక్షం, మరి చింతించేది ఎవర్ని? పద్యం చివర చూడండి, "మహానందాంగనా డింభకున్", నందుడి ఇల్లాలి చంటిబిడ్డని. ఆయనకి అడ్డం కానిది మనకెందుకు అవుతుంది? గీత కూడా పన్నెండో అధ్యాయంలో, దేహం ఉన్నవాళ్ళకి అవ్యక్తం మీద, అంటే రూపం లేనిదాని మీద, మనసు నిలపడం ఎక్కువ కష్టం అని దాపరికం లేకుండా చెప్పింది. ఏడో అధ్యాయంలో ఆర్తుడు (కష్టంలో ఉన్నవాడు), జిజ్ఞాసువు (తెలుసుకోవాలనుకునేవాడు), అర్థార్థి (ఏదో కోరేవాడు), జ్ఞాని అని నలుగురినీ భక్తులుగానే లెక్కపెట్టింది. జ్ఞానిని పక్కన పెట్టలేదు, భక్తుల్లోనే గొప్పవాడంది.

కష్టం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పాలి, ఎందుకంటే నేను తడబడింది అక్కడే. హనుమంతుడు రాముడితో అన్నాడని చెప్పుకునే శ్లోకం ఒకటుంది: దేహమే నేననుకున్నప్పుడు నీ దాసుణ్ణి, జీవుణ్ణి అనుకున్నప్పుడు నీ అంశని, ఆత్మని అని తెలిసినప్పుడు నువ్వే నేను. మీరు ఇప్పుడు ఏ చోట ఉన్నారో అక్కడి మాటే మాట్లాడండి. అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు మనం నూటికి నూరుపాళ్ళు దేహబుద్ధిలోనే ఉంటాం, కాబట్టి "స్వామీ, నీ దాసుణ్ణి, కాపాడు" అనడం అబద్ధం కాదు, అద్వైతానికి ద్రోహమూ కాదు. ఆ సమయంలో "అంతా మిథ్య" అని బలవంతంగా అనుకోకండి, పక్కన ఏడుస్తున్న చెల్లెలితో అసలే అనకండి. భయం దిగాక, తెల్లవారుజామున ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు, ఇంతసేపు భయపడిందెవరు, ఆ భయాన్ని చూస్తున్నదెవరు అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ ప్రశ్నకి ఆ వేళ బాగుంటుంది.

పూజలో చివరగా మిగిలింది ఆత్మప్రదక్షిణ. గుడిలో దేవుడి చుట్టూ తిరుగుతాం, ఇంట్లో మాత్రం నిలబడిన చోటే మన చుట్టూ మనం తిరుగుతాం. చిన్నప్పుడు గూటి చుట్టూ తిరగడానికి చోటు లేక అనుకునేవాణ్ణి, కానీ దాని పేరులోనే ఉంది, అది ఆత్మకి చేసే ప్రదక్షిణ. అలా తిరుగుతూ నోటితో చెప్పేది "అన్యథా శరణం నాస్తి త్వమేవ శరణం మమ", నువ్వు తప్ప నాకు వేరే దిక్కు లేదు. కాళ్ళు లోపలున్నవాడి చుట్టూ తిరుగుతున్నాయి, నోరు ఎదురుగా ఉన్నవాణ్ణి శరణంటోంది. మనం దీన్ని పది సెకన్లలో ముగించి హారతి పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాం. రేపు పొద్దున్న అక్షతలు చేతిలోకి తీసుకుని, ఆ మూడు చుట్లూ కొంచెం నెమ్మదిగా తిరగండి.